మొక్కకు ఆకలి, అద్దానికి పాచి

పర్లాకిమిడిలోని మా ఇంటి ముందుగదిలో వంద లీటర్ల నీరు పట్టే అక్వేరియం ఉంది. ఇసుకలో వేళ్లూనిన వల్లిస్నేరియా, కొయ్యదుంగకు కట్టిన అనుబియాస్, వాటి నడుమ తిరిగే గప్పీ చేపలు ఇంటిల్లిపాదికీ ఇష్టం. రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఆ తొట్టి అద్దాల మీద ఆవగింజంత పచ్చని చుక్కలు పుట్టి, గోటితో గీకినా ఊడిరానంత గట్టిగా అంటుకున్నాయి. పాచి పట్టిందంటే నీటిలో పోషకాలు ఎక్కువైనట్టేనని అందరూ చెప్పే మాటనే నేనూ నమ్మి, మొక్కలకు వేసే ఎరువు పూర్తిగా మానేశాను. నెల తిరిగేసరికి పాచి తగ్గకపోగా వల్లిస్నేరియా కూడా పాలిపోయింది.

కాశీనగర్ దగ్గర వరి సాగుచేసే మా చిన్నాన్న ఆ రోజుల్లోనే ఇంటికి వచ్చి, తొట్టిలో చెయ్యి పెట్టి ఒక ఆకు తుంచి వెలుతురుకు ఎత్తి చూశారు. ముదురాకు పసుపుబారి, సూదితో పొడిచినట్టు చిల్లులు పడి ఉంది. మొక్క నడిమి లేతాకు మాత్రం పచ్చగానే ఉంది. “ముదురాకు ముందు పోతోందంటే దీనికి తిండి చాలట్లేదురా” అన్నారు. నత్రజని, భాస్వరం, పొటాషియం మొక్క లోపల కదలగల పోషకాలు కనుక, కొరత వచ్చినప్పుడు మొక్క వాటిని ముదురాకుల నుంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. ఇనుము అంత సులువుగా కదలదు కాబట్టి దాని లోపం చిగురులోనే తెల్లబాటుగా బయటపడుతుంది. వరిమడిలో ఆకును చదివినట్టే గాజుతొట్టిలోనూ చదవవచ్చని నాకు అంతవరకు తట్టలేదు.

పోషకాలే పాచిని పెంచుతాయన్న మాట వట్టి అపోహ కాదు. 1973లో కెనడాలోని ఒంటారియోలో సరస్సులను అధ్యయనం చేసే శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును తెరతో రెండు భాగాలు చేసి, ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే, మరోవైపు వాటితోపాటు భాస్వరం కూడా కలిపింది. భాస్వరం పడిన వైపు నీరు పచ్చబడింది, రెండో వైపు తేటగానే ఉండిపోయింది. ఎరువు నీరూ మురుగూ చేరిన చెరువు పచ్చబడటం మనమూ చూస్తూనే ఉంటాం. అయితే ఆ సరస్సు పాఠాన్ని తొట్టికి అన్వయించేటప్పుడు లెక్క తప్పుతున్నాం. సరస్సులో మొత్తం భాస్వరం లీటరుకు 0.03 మిల్లీగ్రాముల దరిదాపుల్లోకి వస్తేనే పాచి పెరగడానికి చాలు. రోజూ చేపల మేత పడే తొట్టిని అంతకంటే దిగువకు తేవడం దాదాపు అసాధ్యం. అంత స్వల్ప మోతాదుతో పాచిలోని సూక్ష్మ శైవలాలు బతకగలవు గానీ, బారెడు ఆకులు పెంచుకోవాల్సిన మొక్క బతకలేదు. అందువల్ల ఎరువు ఆపితే ముందు పస్తులుండేది మొక్కే. 1990లలో అక్వేరియం మొక్కలు పెంచే పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ భాస్వరాన్ని కట్టడి చేస్తే పాచి తగ్గుతుందని ప్రతిపాదించగా, అదే అభిరుచి ఉన్న టామ్ బార్ మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో భాస్వరాన్ని కావాలని కలిపి, అయినా పాచి రాలేదని చూపించారు.

పస్తులున్న మొక్క ఆకులు కుళ్లి అమ్మోనియాను, సేంద్రియ పదార్థాన్ని నీటిలోకి వదులుతాయి. అమ్మోనియాను నైట్రోసోమోనాస్ బాక్టీరియా నైట్రైట్‌గా, దానిని నైట్రోస్పైరా నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టే, అందాకా నీటిలో మిగిలిపోయే అమ్మోనియా వల్ల ఆ రోజుల్లో పాచి బెడద ఎక్కువ. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: ఇంట్లో ఉంది కదా అని యూరియా, డీఏపీ తొట్టిలో వేయకూడదు. రెండూ చివరికి అమ్మోనియానే ఇస్తాయి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే అందులో చేపలను చంపే రూపం ఇంచుమించు పది రెట్లు అవుతుంది.

నేను ఎరువుల దుకాణంలో బిందు సేద్యానికి అమ్మే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్ తెచ్చుకున్నాను. వంద లీటర్లకు మొదటిది ఒక గ్రాము కలిపితే లీటరుకు ఆరు మిల్లీగ్రాముల నైట్రేట్, రెండోది పదోవంతు గ్రాము కలిపితే 0.7 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ చేరుతుంది. పదోవంతు గ్రామును తూచడం కష్టం కనుక, ఒక గ్రామును వంద మిల్లీలీటర్ల నీటిలో కరిగించి పది మిల్లీలీటర్లు పోస్తున్నాను. వారానికి రెండుసార్లు ఈ మోతాదు, ఆదివారం సగం నీటి మార్పిడి. ఇనుము ఇతర సూక్ష్మపోషకాలతో కలిపి విడిగా వేయాలి, ఎందుకంటే ఫాస్ఫేట్‌తో కలిస్తే అది కరగని మడ్డిగా అవక్షేపమవుతుంది.

వెలుగు మాత్రం తగ్గించాను. పన్నెండు గంటలు వెలిగే దీపాన్ని ఏడు గంటలకు కుదించాను, ఎందుకంటే మొక్క ఎంత వేగంగా తినాలో నిర్ణయించేది వెలుగే. గాలితో సమతౌల్యంలో ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాముకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. విడిగా గ్యాసు పంపని మాలాంటి తొట్టిలో ఎక్కువ వెలుగు ఇస్తే ఆ కార్బన్ మొక్కకు చాలక, మిగిలిన వెలుగును పాచి వాడుకుంటుంది.

చిల్లులు పడిన ఆకు మళ్లీ పూడదు. అలాంటివాటిని మొదలంటా కత్తిరించి, అద్దం మీది చుక్కలను పాత బ్లేడుతో గీకి తీసేశాను. ఐదోవారానికి వల్లిస్నేరియా ఇసుక కింద తీగ సాగించి, అద్దం వారగా మూడు పిలకలు వేసింది. పిలకల ఆకులకు చిల్లులు లేవు.