వేలి చివరి నుంచి వెన్నుకు వెళ్ళే కబురు

పోయిన ఆదివారం మారతహళ్ళిలో అక్కావాళ్ళింట్లో కాఫీ తాగుతుంటే, రెండేళ్ళ మా మేనల్లుడు నా స్టీలు గ్లాసు పట్టుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఏడుపు ఆ తర్వాత మొదలైంది. వాణ్ణి ఎత్తుకుని కుళాయి కింద వేలు పెట్టి ఊరుకోబెడుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, వీడి వేలికి ఈ కాపలా ఎవరు పెట్టారా అని.

ఆ సెగ పసిగట్టిన నాడీకణం అసలు వేలిలో ఉండదు. మెడ దగ్గర, వెన్నుపాము పక్కన, తోటి కణాల గుంపులో ఉంటుంది. అక్కణ్ణుంచి సన్నటి తీగ ఒకటి భుజం, మోచెయ్యి, మణికట్టు దాటి వేలిదాకా వస్తుంది. వాడు అక్క కడుపులో ఉన్నప్పుడే ఆ తీగ దారి వెతుక్కుంటూ పెరిగింది. దారి పొడవునా ఉన్న కణాలు విడిచే ప్రోటీన్లే దానికి గుర్తులు. సెమాఫోరిన్ 3ఏ లాంటివి ఇటు రావద్దని తోసేస్తాయి, ఇంకొన్ని దగ్గరికి లాక్కుంటాయి.

చర్మం చేరితే సరిపోతుందా అంటే, లేదు. ఇలాంటి కణాలు మొదట అవసరానికి మించి పుడతాయి. చర్మం విడిచే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే ఎన్‌జీఎఫ్, మాత్రం చాలా కొంచెమే ఉంటుంది. అందినవి బతుకుతాయి, అందనివి చచ్చిపోతాయి. కొన్ని గుంపుల్లో సగం దాకా పోతాయి. నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఆ కబురు వెళ్ళే తీరు. తీగ కొసన ట్రాక్-ఏ అనే గ్రాహకం ఎన్‌జీఎఫ్‌ను పట్టుకుంటుంది, రెండూ కలిసి చిన్న బుడగలో లోపలికి పోతాయి, డైనీన్ అనే మోటారు ప్రోటీన్ ఆ బుడగను మోసుకుంటూ తీగ వెంబడి వెన్ను దాకా లాక్కెళ్తుంది, అక్కడికి చేరాకే ఆ కణానికి బతకమని సంకేతం అందుతుంది.

ఈ ఎన్‌జీఎఫ్‌ను కనిపెట్టింది ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చీనీ. అక్కడి నియంత ముస్సోలినీ తెచ్చిన 1938 చట్టాలు యూదురాలైన ఆమెను ఉద్యోగానికి దూరం చేస్తే, ఇంట్లో తన పడకగదిలోనే కోడి పిండాల మీద ప్రయోగాలు చేసింది. యుద్ధం తర్వాత అమెరికా వెళ్ళి, ఎలుక కణితి ముక్కను కోడి పిండానికి అతికిస్తే నరాలు ఎగబడి పెరగడం చూసింది. ఆ పదార్థాన్ని వేరుచేసిన స్టాన్లీ కోహెన్‌తో కలిసి 1986లో నోబెల్ అందుకుంది.

ట్రాక్-ఏ తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ చెడితే పిల్లలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుక కొరికేసుకున్నా, ఎముక విరిగినా ఏడవరు. అలాంటి బిడ్డను పెంచే తల్లి రోజంతా ఎంత టెన్షన్‌తో గడుపుతుందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

రాత్రి దుప్పటి తగిలినా మావాడు కెవ్వుమన్నాడు. "కాలింది పొద్దున కదరా, ఇప్పుడు దుప్పటి తగిలితే ఏడుస్తాడేంటి?" అంది అక్క. వాచిన చోట ఎన్‌జీఎఫ్ పెరుగుతుందక్కా, అది ఆ తీగ కొసల్ని ఇంకా సున్నితం చేస్తుంది, అందుకే మామూలుగా తాకినా మంటే అని చెప్పాను. అక్క దుప్పటి తీసేసి, వాడి చెయ్యి మాత్రం బయటికి ఉండేలా తన పమిట కప్పింది.