ఫారం-7 కేసు: గడువు ఎప్పుడు మొదలైనట్టు?

ఓటరు జాబితా నుంచి పేరు తొలగించమని పెట్టే దరఖాస్తే ఫారం-7. శ్రీకాకుళం జిల్లాలో 2019 ఎన్నికల ముందు ఇతరుల పేరుతో అలాంటివి పెట్టారన్న కేసును మూసేయాలా వద్దా అన్న వాదన దర్యాప్తు చేసినవారి మధ్యే మళ్లీ రాజుకుంది. ఆ ఎన్నికల ముందు ఓట్లు తొలగించాలంటూ రాష్ట్రమంతటా ఆన్‌లైన్‌లో లక్షల దరఖాస్తులు వచ్చిపడటం, పార్టీలు ఒకదానిపై ఒకటి దుమ్మెత్తిపోసుకోవడం అందరికీ గుర్తే. తమ పేరుతో అర్జీ వెళ్లిన సంగతి దరఖాస్తుదారులకే తెలియని ఉదంతాలూ అప్పుడే బయటపడ్డాయి.

ఫారం-7లో తొలగింపుకు కారణం రాయాలి: చనిపోయారనో, వేరేచోట స్థిరపడ్డారనో. ఈ జిల్లాలో రెండో కారణాన్ని నమ్మించడం చాలా తేలిక. ఎచ్చెర్ల తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి నెలల తరబడి బోట్లమీదే ఉంటారు. 2018 నవంబరులో సముద్రంలో పాకిస్థాన్‌కు చిక్కిన మత్స్యకారులు అలా వెళ్లినవారే; 2019 ఏప్రిల్ 11న ఇక్కడ పోలింగ్ జరిగేనాటికి వారింకా అక్కడి జైలులోనే ఉన్నారు. అలాంటి ఇంటి తలుపుకు తాళం వేలాడితే ఊరు వదిలేసినట్టా?

మూసేద్దామనేవారి మాట క్లుప్తం. తప్పుడు డిక్లరేషన్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 1950లోని 31వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడాది. అలాంటి నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి ఉన్న గడువూ ఏడాదే. అది ఎప్పుడో దాటింది, నిందితుడు దొరకలేదు.

వద్దనేవారు ఆ గడువు పెట్టిన సెక్షన్‌కు పక్కనున్నదాన్నీ చదవమంటున్నారు. నేరం ఎవరు చేశారో తెలియనప్పుడు, ఆ వ్యక్తి ఎవరో తెలిసిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుందని పాత నేర విచారణ స్మృతి 469వ సెక్షన్ చెబుతోంది. దొంగ ఎవరో తెలియలేదంటూనే గడువు ముగిసిందనడం ఎలా కుదురుతుంది? పైగా ఇతరుల పేరుతో కంప్యూటర్ ద్వారా మోసగించడం ఐటీ చట్టం 66-డి కిందికి వస్తుంది. దానికి శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది కాబట్టి గడువూ ఏడాది కంటే ఎక్కువే. ఎఫ్‌ఐఆర్‌లో మొదటిరోజు ఏ సెక్షన్ రాశారన్నదే ఈ కేసు గతిని నిర్ణయించిందని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

పోలీసులిచ్చే మూసివేత నివేదికను కోర్టు ఆమోదించేముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వాదన వినాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇక్కడ ఫిర్యాదు చేసింది రెవెన్యూ అధికారి. ఓటు పోగొట్టుకోబోయినవారికి నోటీసు అందుకునే హక్కు లేదు. తమంతట తామే తెలుసుకుని కోర్టుకు వస్తే మాత్రం వారి మాట వినాలి. వెరావల్ బోటుమీద ఉన్న మనిషికి ఆ వాయిదా తేదీ ఎవరు చెబుతారు?