కొబ్బరిచెట్టుకీ వరికీ పోలికేమిటి?

చిరంజీవులు పిల్లలందరికీ మామ్మ ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి ఊరంతా చుట్టాలతో నిండి ఉన్నప్పుడు, అరుగు మీద పెద్దవాళ్ళు అనుకున్న మాట మీ చెవిన పడింది. "ఆ కాలం బుర్రలే వేరండీ. ఇప్పటి పిల్లలకి ఫోన్ చేతిలో లేకపోతే ఏడెనిమిదులెంతో కూడా చెప్పలేరు" అని. తరం తరానికీ మనుషుల తెలివి నిజంగానే తగ్గిపోతోందా అని మీరు నన్నడిగారు. చాలా ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పినదాన్ని కదా, ఇంత మంచి ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయడం నాకిష్టం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి చెప్పాలి. తెలివిని కొలవడమనే పని మొదలైందే పిల్లల కోసం. 1905లో ప్యారిస్‌లో ఆల్ఫ్రెడ్ బీనే, థియోడర్ సిమోన్ అనే ఇద్దరు, బడిలో ఏ పిల్లలకు అదనంగా సాయం కావాలో గుర్తించడానికి ఒక పరీక్ష తయారుచేశారు. ఇప్పుడు అందరూ ఐక్యూ అంటున్నది దాని సంతతే. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ కాలంలో, ఆ వయసువాళ్ళ సగటు ఎంతైతే అంత, దానికి 100 అని పేరు పెడతారు. కొన్నేళ్ళకోసారి పరీక్షను మార్చి, కొత్త సగటును మళ్ళీ 100 అంటారు. అంచేత ఏ తరాన్ని చూసినా సగటు వందే కనబడుతుంది. లోపల పెరుగుతోందో తరుగుతోందో పైకి తెలియదు.

దాన్ని బయటపెట్టినాయన జేమ్స్ ఫ్లిన్. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. పాత పరీక్ష, కొత్త పరీక్ష రెండూ రాసిన వాళ్ళ మార్కులు చూస్తుంటే ఆయనకో విషయం తట్టింది. అదే మనిషికి పాత పరీక్షలో ఎక్కువ మార్కులొస్తున్నాయి, కొత్తదాంట్లో తక్కువొస్తున్నాయి. అంటే కొత్త పరీక్ష ఎవరి సగటుతో తయారైందో వాళ్ళు పాతవాళ్ళకంటే బాగా రాస్తున్నారన్నమాట. 1984లో అమెరికా లెక్కలు, 1987లో 14 దేశాల లెక్కలు అచ్చువేశాడు. దాదాపు పదేళ్ళకు మూడు పాయింట్ల చొప్పున మార్కులు పెరుగుతూ వచ్చాయి. నెదర్లాండ్స్‌లో సైన్యానికి పిలిచిన కుర్రాళ్ళకైతే 1952 నుంచి 1982 లోపల ఏకంగా 20 పాయింట్లు పెరిగాయి.

చంకలు గుద్దుకోకండి, లెక్క ఇంకా తేలలేదు. పదేళ్ళకు మూడు చొప్పున వందేళ్ళు వెనక్కి వెళ్తే 30 పోతుంది. అంటే ఇప్పటి కొలతలో మా ముత్తాతల సగటు 70. అలాంటి మార్కులొచ్చిన పిల్లల్ని బళ్ళల్లో ఏమంటారో మీకు తెలుసు. ఆ తరాలవాళ్ళే కదా మన గోదావరి డెల్టాను నిలబెట్టింది? ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర గీసిన గీతల్ని రాయిలో, మట్టిలో నిలబెట్టినవి మనవాళ్ళ చేతులు. ఎక్కడ గండి పడుతుందో, ఏ బోదెకి ఎంత నీరు వదిలితే చివరి చేను దాకా అందుతుందో కాగితం ముట్టకుండా చెప్పగలిగిన రైతులు మన గట్ల మీద తరాలుగా ఉన్నారు. వాళ్ళకి బుర్ర లేదనే లెక్క ఎక్కడో తప్పై ఉండాలి.

ఆ తప్పు ఎక్కడుందో నాకు తెలిసేలా చేసింది మా వీధిలో ఒక పెద్దావిడ. ఆవిడ బడి మొహం చూడలేదు. ధాన్యం కొలిచేటప్పుడు కుంచం ఎత్తి "లాభం" అని మొదలుపెట్టేది, ఒకటి అనకూడదని. లాభం, రెండు, మూడు అంటూ ఎంత రాశి అయినా లెక్క తప్పకుండా కొలిచేసేది. ఒకరోజు ఆవిణ్ణి అడిగాను, "కొబ్బరిచెట్టుకీ వరికీ పోలికేమిటి?" అని. నన్ను వింతగా చూసింది. "పోలికేంటమ్మా! వరికి కాళ్ళకింద నీళ్ళుండాలి, కొబ్బరికి నీళ్ళు నిలవుంటే వేరు ఊపిరాడక చెట్టు నీరసించిపోద్ది. వరి నాలుగు నెలల్లో ఇంటికొచ్చేస్తాది, కొబ్బరి నాటినోడి మనవడు కూడా కాయ దింపుకుంటాడు" అంది. అదే ప్రశ్న క్లాసులో వేస్తే, తొమ్మిదో తరగతి పిల్ల ఠక్కున లేచి "రెండూ ఏకదళబీజాలు టీచర్" అంది, అంటే గింజలో ఒకే బీజదళం ఉండే మొక్కలని.

రెండూ సరైన జవాబులే. కానీ ఐక్యూ పరీక్షలో పూర్తి మార్కులు రెండోదానికే పడతాయి. ఆవిడ చెప్పింది సాగు తెలిసినవాళ్ళకి కావలసిన తేడా. పిల్ల చెప్పింది కంటికి కనబడని వర్గం. పొలంలో నిలబడినవాళ్ళకి ఆ వర్గంతో పని లేదు, పుస్తకం పట్టినవాళ్ళకి అదే మొదటి పని.

1931, 32 సంవత్సరాల్లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చదువురాని రైతుల్ని ఇలాంటివే అడిగాడు. మంచు ఉండే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి, ఫలానా చోటు ఆ ఉత్తరాన ఉంది, మరి అక్కడి ఎలుగుబంటి ఏ రంగు అని. నేను చూసింది నల్లదే, చూడనిదాని గురించి ఎలా చెప్తాను అన్నట్టే వచ్చాయి జవాబులు. అది మొద్దుతనం కాదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకపోవడం ఆ లోకంలో నిజాయితీ. బడి మనకు నేర్పేది ఆ గీత దాటి, "ఒకవేళ ఇలా అయితే" అని ఊహించడం. ఫ్లిన్ చెప్పిందీ అదే. మార్కులు పెరిగింది ఎక్కువగా పోలికలు చెప్పడంలో, బొమ్మల్లో వరుస కనిపెట్టడంలో. లెక్కల్లో, మాటల పరిచయంలో పెరిగింది చాలా తక్కువ.

కనక అరుగు మీది మాటలో ఎక్కాల వరకు కొంత నిజం ఉంది, ఒప్పుకుందాం. అలాగే జ్ఞాపకశక్తి. తిరుపతి వేంకట కవుల పేరు మీరు వినే ఉంటారు. ఇప్పుడు మొక్కల నర్సరీలకు పేరుపడ్డ కడియంలో 1870లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి పుట్టారు. భీమవరం దగ్గర యండగండిలో 1872లో దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టారు. ఇద్దరూ కలిసి శతావధానాలు చేశారు. వందమంది అడిగిన వాటికి పద్యాలు అల్లి, చివర అన్నీ అప్పజెప్పడం! కోనసీమ అగ్రహారాల్లో ఘనపాఠీలు వేదాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి వల్లించేవారు. ఇవన్నీ చిన్నప్పటినుంచి గురువు దగ్గర కూర్చుని చేసిన సాధన ఫలితాలు. మనకి గుర్తున్నది ఆ కొద్దిమందే. 1951లో దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. మిగిలిన 82 మందిలో ఎంతమంది అవధానులు కావలసినవాళ్ళు ఉన్నారో మనకి తెలిసే దారి లేదు. నా గుండె కలుక్కుమనేది అక్కడే. మీ ముత్తవ్వలు చాలామంది ఆ 82లోనే ఉన్నారు.

ఇక తగ్గుదల మాట. అది పూర్తిగా కట్టుకథ కాదు. నార్వేలో కుర్రాళ్ళు సైన్యంలో చేరేటప్పుడు పరీక్ష రాయాలి. 1962 నుంచి 1991 వరకు పుట్టిన 7 లక్షల పైచిలుకు మందివి ఆ మార్కులు ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి 2018లో అచ్చువేశారు. 1975లో పుట్టినవాళ్ళ దాకా మార్కులు పెరిగాయి, అక్కడినుంచి తగ్గాయి. వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల్ని పోల్చారు. అక్కడా అదే కథ. తల్లీ తండ్రీ వాళ్ళే, రక్తం అదే, అయినా తర్వాత పుట్టినవాడికి తక్కువ మార్కులు. అంటే మారింది రక్తం కాదు, పెరిగిన పరిసరాలు. చదువు తీరా, చదివే అలవాటా, ఇంకేదైనానా అన్నది ఇంకా తేలలేదు. ఒకటి మాత్రం గమనించండి. 1975 తర్వాత రెండు మూడేళ్ళలో పుట్టినవాళ్ళు పరీక్ష రాసింది 1990ల్లో. అప్పటికి ఎవరి జేబులోనూ స్మార్ట్‌ఫోన్ లేదు. ఫోన్‌ని నేను వెనకేసుకు రావడం లేదు. మీరు దాంతో గడిపే రాత్రులంటే నాకు టెన్షనే. కానీ ఈ నేరం మొదలుపెట్టింది అది కాదు.

రక్తం మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, "తెలివైనవాళ్ళు తక్కువమందిని కంటున్నారు, తెలివితక్కువవాళ్ళు ఎక్కువమందిని కంటున్నారు, అందుకే జాతి దిగజారుతోంది" అనే వాదం చాలా పాతది. మన జిల్లాల్లో ఆ మాట ఎటు తిరుగుతుందో మీకు తెలుసు, కులం వైపు. స్కాట్లాండ్‌లో 1932లో 11 ఏళ్ళ పిల్లలకు, 87 వేలమందికి పైగా, ఒకే పరీక్ష పెట్టారు. పదిహేనేళ్ళలో మార్కులు పడిపోయి ఉంటాయని భయపడుతూ 1947లో మళ్ళీ పెట్టారు. మధ్యలో యుద్ధం కూడా వచ్చిపోయింది. సగటు పెరిగింది. కెన్యాలో ఎంబు అనే పల్లె ప్రాంతంలో 1984లో ఒకసారి, 1998లో ఒకసారి చిన్నపిల్లల్ని పరీక్షిస్తే అక్కడా బాగా పెరిగింది. ఆ మధ్యకాలంలో తల్లిదండ్రుల చదువు మెరుగైంది, పిల్లల తిండి మెరుగైంది. పేట ఏదైనా, ఇల్లు ఏదైనా, పిల్లకి తిండీ బడీ అందితే మార్కులు పెరుగుతాయి. ఎవరైనా మీ ముందు ఆ పాత వాదం ఎత్తితే గట్టిగా ఎదురు చెప్పండి. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదనే నియమం అక్కడ వర్తించదు.

నిజంగా బుర్రను తినేసేవి వేరే ఉన్నాయి. సీసం ఒకటి. మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆగింది గానీ, పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించేచోట ఇప్పటికీ సీసం ఉంటుంది, అక్కడ ఆడుకోకండి. అయోడిన్ లోపం ఇంకొకటి. గర్భిణికి అది బాగా తక్కువైతే పుట్టబోయే బిడ్డ మెదడు మీదే దెబ్బ. ఆవకాయకి కల్లుప్పు వాడుకోమనండి, కూరల్లోకి మాత్రం అయోడిన్ ఉప్పే వేయమని అమ్మతో చెప్పండి. ఆడపిల్లలూ, బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర కిటికీలోంచి విసిరేయకండి. రక్తం తక్కువైతే క్లాసులో చెప్పేది బుర్రకెక్కదు.

ఇప్పుడు మీకో పని. వేసవి సెలవులయ్యేలోపు మీ ఇంట్లో బడికి వెళ్ళని పెద్దవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళని ఇలాంటి పోలికలే అడగండి. చేపకీ రొయ్యకీ, కాలవకీ గోదారికీ, ఏవైనా సరే. మధ్యలో దిద్దకుండా, వాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే నోటుబుక్కులో రాయండి. పక్కనే మీ జవాబు కూడా రాసి, రెండూ నాకు పంపండి. చదవాలని ఎదురుచూస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ మామ్మ