ఆర్‌ఓ వృథా నీరు: ఎంత తగ్గించవచ్చు, ఎక్కడ ఆగాలి

ఇల్లు సద్దుమణిగాక ఆర్‌ఓ ప్యూరిఫయర్ దగ్గర నిలబడితే, సింకులోకి వేలాడే సన్నని పైపు నుంచి నీరు ఆగకుండా పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఇళ్లలో వాడే సాధారణ యంత్రం ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు నుంచి నాలుగు లీటర్ల నీటిని ఇలా బయటికి పంపేస్తుంది. ఆ ధారను చూస్తూ ఊరుకోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని సగానికి తగ్గించడం సాధ్యమే. అయితే పైపు మీద చేయి వేసే ముందు ఆ నీరు లోపల చేస్తున్న పని ఏమిటో తెలియాలి.

గుడ్డలో వడకట్టినప్పుడు మట్టి గుడ్డ మీదే నిలిచిపోతుంది, దులిపితే పోతుంది. కరిగిన లవణాల సంగతి అలా కాదు. ఆర్‌ఓ యంత్రంలో నీరు మెంబ్రేన్ అనే సన్నని పొర వెంబడి జారుతూ సాగుతుంది. పీడనం వల్ల కొంత నీరు పొరను దాటి అవతలికి చేరుతుంది, దాటలేకపోయిన లవణాలన్నీ ఇవతల మిగిలిన నీటిలో చిక్కబడతాయి. పొరకు ఆనుకుని ఉన్న నీటిలోనైతే ఆ చిక్కదనం ఇంకా ఎక్కువ. దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోయేదే మనం వృథా అంటున్న ఆ ధార. అది చాలినంత లేకపోతే, నీళ్లు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లటి గారలాంటిదే, ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, మెంబ్రేన్ మీద పేరుకుంటుంది.

లెక్క వేసి చూస్తే హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక యంత్రం నిమిషానికి 200 మిల్లీలీటర్ల మంచినీరు ఇస్తూ 600 మిల్లీలీటర్లు వదిలేస్తోందనుకుందాం. లోపలికి వెళ్లిన 800 మిల్లీలీటర్ల లవణాలు దాదాపు అన్నీ ఆ 600లోకి చేరతాయి కాబట్టి గాఢత 1.33 రెట్లవుతుంది. వదిలే నీటిని 300కు తగ్గిస్తే గాఢత 1.67 రెట్లు, 100కు తగ్గిస్తే ఏకంగా 3 రెట్లు. కుళాయి నీటి టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 300 మిల్లీగ్రాములైతే బయటికి పోయే నీటిలో అది వరుసగా 400, 500, 900 ఉంటుంది. అదే కుళాయి నీరు 1500 ఉంటే 2000, 2500, 4500 అవుతుంది. మొదటి తగ్గింపుతో సగం నీరు మిగిలింది, గాఢత కొద్దిగానే పెరిగింది. ఆ తర్వాత మిగిల్చే ప్రతి చుక్కకూ మెంబ్రేన్ మీద భారం వేగంగా పెరుగుతుంది. అందుకే సగం దగ్గర ఆగడం తెలివైన పని అంటాను. మీ నీరు బాగా కఠినజలమైతే ఆ సగానికి కూడా వెళ్లకూడదు.

మార్పు కంటే ముందు మరమ్మతు చూసుకోవాలి. ట్యాంకు నిండి పంపు ఆగిపోయాక కూడా పైపు నుంచి నీరు కారుతోందంటే, నీటిని ఆపవలసిన సోలెనాయిడ్ వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట. ఆ నీరు మంచినీటి తయారీకి ఏమాత్రం పనికిరావడం లేదు, అచ్చంగా వృథాయే. వాల్వు మారిస్తే సరిపోతుంది.

ఇక అసలు మార్పు. మెంబ్రేన్ గొట్టం చివర రెండు పైపులు బయటికి వస్తాయి. ఒకటి మంచినీటిది, రెండోది బయటికి పోయే నీటిది. ఈ రెండో పైపు మీద వేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. దాని మీద నీరు పోయే దిక్కును చూపే బాణం గుర్తు, చాలాసార్లు 300, 450 వంటి ఒక అంకె కనిపిస్తాయి. ఇదే ఫ్లో రిస్ట్రిక్టర్. లోపలి సన్నని దారి నీటిని నిలవరించి మెంబ్రేన్‌లో పీడనం నిలబెడుతుంది. ఆ అంకె నిమిషానికి సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లు వదులుతుందో చెబుతుంది. ముందు కొలత గిన్నె పట్టి రెండు పైపుల నీటినీ ఒక్కో నిమిషం కొలవండి, రెండింటి టీడీఎస్ మీటరుతో చూసి రాసిపెట్టుకోండి. తర్వాత కరెంటు తీసేసి, కుళాయి కట్టి, ఒక మెట్టు చిన్న రిస్ట్రిక్టర్ వేసి మళ్లీ కొలవండి. దానికి పక్కదారిగా చిన్న వాల్వు ఒకటి అమర్చుకుని రోజూ ఒకటి రెండు నిమిషాలు తెరిస్తే, జోరుగా పారే నీరు పొరను కడిగేస్తుంది. పైపును చేత్తో మడిచి కట్టడం, వాల్వుతో పూర్తిగా నొక్కేయడం మాత్రం వద్దు.

బయటికి పోయే నీటిలో కొంత మళ్లీ పంపు ముందుకు కలిపే పద్ధతి కూడా ఉంది. అది పనిచేస్తుంది గానీ లోపలికి వెళ్లే నీరే చిక్కబడుతుంది కాబట్టి మంచినీటి టీడీఎస్ కూడా పెరుగుతుంది. పెద్ద కర్మాగారాలు సముద్రపు నీరంత కాకుండా కాస్త ఉప్పగా ఉండే నీటి నుంచి 75 శాతం దాకా మంచినీరు రాబట్టగలవన్నది నిజమే. అక్కడ మెంబ్రేన్లు వరుసగా దశలవారీగా ఉంటాయి, గార కట్టకుండా మందు కలుపుతారు. వంటింట్లో ఉన్నది జానెడున్నర గొట్టం ఒక్కటే.

అసలు ఈ పొర పుట్టిందే ఉప్పునీటి కోసం. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్రయత్నంలోనే తొలి పనికొచ్చే మెంబ్రేన్‌ను తయారుచేశారు. టీడీఎస్ 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే నీటి రుచి సాధారణంగా బాగుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అటువంటి నీటిలో ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ వంటివి లేవని పరీక్షలో తేలితే, ఇలా నీటిని పారబోస్తూ ఉండని యూఎఫ్ (సన్నని రంధ్రాల పొరతో వడకట్టేది), యూవీ (అతినీలలోహిత కాంతితో సూక్ష్మజీవులను చంపేది) యంత్రం చాలు. టీడీఎస్ మీటరు ఆ విషాలను విడిగా చూపలేదు కాబట్టి పరీక్ష తప్పనిసరి.

మార్పు చేశాక నెలకొకసారి అవే కొలతలు మళ్లీ తీయండి. కుళాయి నీరు మారకుండానే మంచినీటి టీడీఎస్ నెలనెలా పెరుగుతున్నా, మంచినీటి ధార సన్నబడుతున్నా గార పడుతోందేమోనని అనుమానించి, దాచి ఉంచిన పాత రిస్ట్రిక్టర్‌ను తిరిగి బిగించాలి.