ఇంక్యుబేటర్ కడుతున్నారట కదా!

అమ్మడూ, చిన్నోడా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సెలవుల్లో నాటుకోడి గుడ్లు పొదిగించాలని థర్మోకోల్ పెట్టె తెచ్చారట, టెంపరేచర్ కంట్రోలర్ కూడా ఆన్‌లైన్‌లో తెప్పించారట. సంతోషం. కానీ వైర్లు మాత్రం నేను వచ్చేదాకా కలపొద్దు. ఆదివారం పొద్దున బస్సుకే వస్తాను. ఈలోగా ఇది ఇద్దరూ చదవండి.

ముందు నా పరువు తీసే కథ ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్లు ఫ్రిజ్‌లు, మోటార్లు బాగుచేసినవాణ్ని, ఇదెంత పని అనుకుని మొదటిసారి నేనే పెట్టె కట్టాను. ముప్పై గుడ్లు పెట్టాను. పన్నెండో రోజు రాత్రి, సంక్రాంతి ముందు చలి. నీళ్ల గిన్నె నింపి మూత పెట్టేటప్పుడు సెన్సర్ వైరు మూతకు తగులుకుని బయటికి వచ్చేసింది. నేను చూసుకోలేదు. సెన్సర్ బయట చలిలో వేలాడుతోంది. కంట్రోలర్ ఏమనుకుంటుంది? లోపల 20 డిగ్రీలే ఉంది అనుకుని రాత్రంతా బల్బులు ఆర్పలేదు. తెల్లారి మూత తీస్తే మొహానికి సెగ కొట్టింది. మీ నానమ్మ ఒక గుడ్డు పగలగొట్టి చూసి, ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

అందులో కంట్రోలర్ తప్పేమీ లేదు. అది గుడ్లను చూడలేదు, పెట్టెను చూడలేదు. సెన్సర్ ఎక్కడుంటే అక్కడి వేడే దానికి తెలుస్తుంది. ఆ సెన్సర్ మొనలో ఆవగింజంత పూస ఉంటుంది. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది. మీకు వచ్చిన రకంలో 25 డిగ్రీల దగ్గర అది 10,000 ఓములు. ఆ ఓములను కొలిచి డిగ్రీలుగా మార్చి స్క్రీన్ మీద చూపిస్తుంది. వేడి చాలకపోతే లోపల రిలే అనే చిన్న స్విచ్ ‘టిక్’మని బల్బు వెలిగిస్తుంది, చాలితే ఇంకో ‘టిక్’మని ఆర్పేస్తుంది. అంతే దాని తెలివి. అన్నట్టు, ఈ ఆలోచన కొత్తదేం కాదు. సుమారు 400 ఏళ్ల కిందట కార్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చాయన కూడా కోడిగుడ్లు పొదిగే పెట్టె కోసమే ఇలాంటిది చేశాడు. వేడికి పాదరసం పైకి జరిగి నిప్పుకు గాలి అందే దారి మూసేది.

ఇక వైరింగ్. నువ్వు పంపిన ఫొటో చూస్తే అది ఎస్‌టీసీ-1000 రకం. వెనక వరసగా అంకెలు ఉంటాయి: 1, 2 కంట్రోలర్‌కు కరెంటు, 3, 4 సెన్సర్, 5, 6 హీటింగ్, 7, 8 కూలింగ్. ఇందులో 12 వోల్టులవీ 110 వోల్టులవీ కూడా అమ్ముతారు, కాబట్టి స్టిక్కర్ మీద 220 అని ఉందో లేదో ముందు చూడండి. మీది వేరే రకమైతే నా అంకెలు వదిలేసి స్టిక్కర్ మాటే వినండి.

చాలామంది పొరపాటు పడేది 5, 6 దగ్గర. అక్కడి నుంచి బల్బుకు కరెంటు వస్తుందనుకుంటారు. రాదు. అవి గోడమీది స్విచ్ లాంటివి, కలుపుతాయి, విడదీస్తాయి, అంతే. ఫేజు వైరు తెచ్చి 5కి ఇచ్చి, 6 నుంచి బల్బుకు తీసుకెళ్లాలి. న్యూట్రల్ నేరుగా బల్బుకు పోతుంది. తిప్పి న్యూట్రల్‌ను 5, 6 గుండా పంపినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. పని జరుగుతోందని మోసపోతాం. కానీ ఆరిపోయి ఉన్నప్పుడు కూడా హోల్డర్‌లో ఫేజు అలాగే కూర్చుని ఉంటుంది. ఆరిందే కదా అని వేలు పెట్టామా, షాకే.

వైరు కొన ఒలిచాక లోపలి రాగి పోచలను గట్టిగా మెలిపెట్టి, వీలైతే చివర చిన్న తొడుగు నొక్కి స్క్రూ కింద పెడతాం. ఒక్క పోచ పక్క స్క్రూకి తగిలినా అక్కడ చిటపటే. రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి పెద్ద హీటర్ తగిలించొద్దు. మనకు 60 వాట్ల బల్బులు రెండు చాలు, రెండూ కలిసి సుమారు అరాంపియరే లాగుతాయి. బయట చిన్న ఫ్యూజు, ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉన్న లైను నుంచే కనెక్షన్. బల్బు థర్మోకోల్‌కు కనీసం జానెడు దూరంలో ఉండాలి, అది కరగడమే కాదు, అంటుకుంటుంది కూడా. హోల్డర్ పింగాణీది కొందాం. చిన్నోడా, కరెంటు ఆదా అని ఎల్‌ఈడీ బల్బు తెచ్చావట, అది దీపానికే పనికొస్తుంది. వేడి కావాలంటే పాత ఫిలమెంట్ బల్బే కావాలి.

కంట్రోలర్‌ను పెట్టె లోపల బిగించకూడదు. లోపలంతా తేమ. బయట, నీళ్ల గిన్నె కంటే పైన, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెడదాం. సెన్సర్ వైరును 230 వోల్టుల వైర్లతో కలిపి కట్టొద్దు, విడిగా ఇంకో వైపు నుంచి రానివ్వండి. మొన మాత్రం గుడ్ల పైభాగం ఎత్తులో, బల్బు వెలుగు నేరుగా పడని చోట ఉండాలి. నేను ఇప్పుడు దాన్ని రెండు చోట్ల కడతాను, ఒకటి లోపల ట్రేకి, ఒకటి వైరు లోపలికి దూరే కన్నం దగ్గర. మూత ఎంత లాగినా జారదు.

అది చూపే అంకె నిజమో కాదో తేల్చుకోవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, సెన్సర్ మొననూ జ్వరం చూసే థర్మామీటర్‌నూ కలిపి ముంచండి. జ్వరం థర్మామీటర్ సరిగ్గా మనకు కావాల్సిన వేడి దగ్గరే బాగా పనిచేస్తుంది. అందులో 99.5 ఫారన్‌హీట్ చూపితే ఇక్కడ 37.5 ఉండాలి. తేడా ఎంతుందో అంత కంట్రోలర్‌లో ఎఫ్4 అనే సెట్టింగులో సరిదిద్దుతాం. ఎఫ్1లో (కావాల్సిన వేడి) 37.6, ఎఫ్2లో (ఎంత తగ్గితే వెలగాలో ఆ తేడా) 0.3 పెడితే 37.3కి వెలుగుతుంది, 37.6కి ఆరుతుంది. ఇది లోపల ఫ్యాను తిరిగే పెట్టెకు. ఎఫ్3 ఫ్రిజ్ కంప్రెసర్ కోసం, మనకు దాంతో పని లేదు.

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది రిలే. ప్రతి ‘టిక్’కీ లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వేలసార్లు అలా జరిగాక ఒకరోజు దాని రేకులు అతుక్కుపోవచ్చు. అప్పుడు స్క్రీన్ మీద 40 అని కనిపిస్తూనే ఉంటుంది, బల్బు మాత్రం ఆరదు. అందుకే బల్బుకు వెళ్లే ఫేజు దారిలో ఇంకో కంట్రోలర్‌ను, సొంత సెన్సర్‌తో, 38.5కి పెట్టి వరసలో కలుపుతాను. మొదటిది మొండికేస్తే రెండోది ఆర్పేస్తుంది. ఖర్చు డబుల్ అని మీ నాన్న గొణిగితే ఆ ముప్పై గుడ్ల సంగతి చెప్పండి.

తర్వాత చూసుకోవాల్సినవి కొన్నే. ఏది ముట్టుకోవాలన్నా స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి మీ కళ్లెదురుగా పెట్టుకోండి. వారం తర్వాత స్క్రూలు మరోసారి బిగిస్తాం, కొత్త రాగి అణిగి వదులవుతుంది. వదులైన చోట వైరు తొడుగు నల్లబడుతుంది, మాడిన వాసన వస్తుంది. వాసన వస్తే మూత తీసి వెతకొద్దు, మెయిన్ ఆపి పెద్దవాళ్లను పిలవండి. ఆర్‌సీసీబీకి టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి అమ్మను నొక్కమనండి. టక్కున పడిపోవాలి. కోడిపిల్లలు బయటికి వచ్చాక పెట్టె నిండా నూగు ఎగురుతుంది, ఫ్యాను మీదా సెన్సర్ మీదా పేరుకుంటుంది, పొడి బ్రష్‌తో దులపాలి. వైర్లు దూరే కన్నాలన్నీ మూసేయండి. చీమలు రిలేలో దూరి రేకుల మధ్య నలిగి కనెక్షన్ ఆపేయడం నేను చాలాసార్లు చూశాను. బల్లుల సంగతి మీ నానమ్మ ముందు ఎత్తకండి.

కరెంటు పోతే కంగారుపడి మూత తీయకండి, పైన పొడి గోనెసంచి కప్పండి. పెట్ట కూడా మేతకు లేచి వెళ్లి కాసేపటికి వస్తుంది కదా, గుడ్లు ఆ మాత్రం ఓర్చుకుంటాయి.

ఆదివారం కట్టేశాక ఒక రోజంతా గుడ్లు లేకుండా ఖాళీగా నడిపిద్దాం. నేను సోమవారం సాయంత్రం వెనక్కి వచ్చేస్తాను. గుడ్లు పెట్టే ముందు వీడియో కాల్ చేయండి. స్క్రీన్ మీద అంకె తర్వాత చూస్తాను. ముందు సెన్సర్ ఎక్కడుందో చూపించండి.

మీ తాతయ్య