మూడు గంటల దారి, చిట్టెలుక మెదడు: తిరుపతి వాదన వెనకున్న లెక్క

జంతువుల మీద ప్రయోగాలు ఎందుకన్న ప్రశ్న మళ్లీ రాజుకుంది. మోనోక్లోనల్ యాంటీబాడీలు, మరికొన్ని మందుల విషయంలో జంతు పరీక్షలను క్రమంగా తగ్గిస్తామని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. అంతకుముందే, 2023లో, మన ప్రభుత్వం కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి జంతువులు అక్కర్లేని పరీక్షలకూ చోటిచ్చింది. తిరుపతికి వచ్చేసరికి ఈ చర్చకు ఇంకో ముడి పడింది. ఇక్కడ 1955 నాటి పశువైద్య కళాశాల ఉంది. స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఇన్ని ఉండగా ఎలుకల మెదడులో రేడియోధార్మిక ట్రేసర్ (స్కానర్లో జాడ కనబడేలా తయారుచేసిన అణువు) ఎక్కడ అతుక్కుంటుందో చూసే పని ఇక్కడే చేయొచ్చు కదా అన్నది ఒక పక్షం మాట. ట్రేసర్‌ను చెన్నై సైక్లోట్రాన్ (రేడియోధార్మిక పరమాణువులను తయారుచేసే యంత్రం) నుంచి తెప్పించుకోవచ్చు, పుత్తూరు, నగరి దారిలో సుమారు 140 కిలోమీటర్లే అంటారు వాళ్లు. ఒక కొత్త స్కాన్ కోసం ఎలుకలను బలిపెట్టడమెందుకన్నది రెండో పక్షం మాట.

ఈ రెండు పక్షాలూ ఒకే అంకెను పట్టించుకోవడం లేదు. సూది గుచ్చే క్షణాన సిరంజిలో రేడియోధార్మికత ఎంతుందో అందరూ చూస్తారు. రేడియోధార్మికత లేని అదే అణువు, ల్యాబుల్లో ‘కోల్డ్’ అని పిలిచేది, ఎంతుందో చూసేవాళ్లు తక్కువ. ఈ రెండింటి నిష్పత్తిని మోలార్ యాక్టివిటీ అంటారు. జంతువుల మెదడు స్కాన్ నమ్మదగిందా కాదా అన్నది చాలావరకు దీనిమీదే తేలుతుంది. ట్రేసర్ జాడను చిత్రంగా చూపే పెట్ స్కాన్ ఎలా పుట్టింది, పాజిట్రాన్ అంటే ఏమిటి లాంటివి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి నేరుగా మలుపు దగ్గరికే వెళ్దాం.

ఆ మలుపు 2005లో వచ్చింది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రొటీన్ అయిన అమిలాయిడ్‌ను చూపించే పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బి అనే ట్రేసర్ అప్పటికే పేరు తెచ్చుకుంది. స్వీడన్‌లోని ఉప్సలాలో 2002 ఫిబ్రవరిలో తొలిసారి మనిషికి ఇచ్చినప్పుడు చక్కగా పనిచేసింది. అదే ట్రేసర్‌ను అమిలాయిడ్ పేరుకునేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలకు ఇస్తే స్కానర్లో దాదాపు ఏమీ కనబడలేదు. కోసి చూస్తే మెదడు నిండా అమిలాయిడ్ ఉంది. ఆ ఎలుకల అమిలాయిడ్‌లో ఈ ట్రేసర్ గట్టిగా పట్టుకునే చోట్లు చాలా అరుదని క్లంక్ బృందం 2005లో వివరించింది. మనిషి మెదడులో ప్రతి వెయ్యి అమిలాయిడ్ అణువులకు 500కు పైగా చోట్లుంటే, ఆ ఎలుకల్లో వెయ్యికి ఒకటి కూడా లేదు. సరిగ్గా అదే ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మే-పింగ్ కుంగ్, హాంక్ కుంగ్ చిన్న జంతువుల స్కాన్లలో ట్రేసర్ పరిమాణమే ఫలితాన్ని మార్చేస్తుందన్న హెచ్చరికను ఒక వ్యాసంగా రాశారు. 2007లో జపాన్‌లోని చిబా నుంచి మాయెదా బృందం జవాబు చెప్పింది. మోలార్ యాక్టివిటీ బాగా పెంచిన పిట్స్‌బర్గ్ కాంపౌండ్‌ను ఏపీపీ23 రకం ఎలుకలకు ఇస్తే అమిలాయిడ్ కనిపించింది. వయసుతో పాటు పెరగడం, చికిత్సతో తగ్గడం కూడా కనిపించాయి. ఎలుకల రకం కూడా వేరు కనుక తేడా మొత్తాన్ని ఒకే కారణానికి అంటగట్టలేం. కానీ పట్టుకునే చోట్లు కొద్దిగా ఉన్నప్పుడు వాటిని కోల్డ్ అణువులు ముందే ఆక్రమిస్తే వెలిగే అణువుకు చోటు మిగలదన్నది అప్పటి నుంచి ఎవరూ పక్కన పెట్టలేని మాటైంది.

తిరుపతి వాదనకు దీన్ని అన్వయించి చూద్దాం. మెదడు కణాల మీద డోపమైన్ అనే రసాయనం అతుక్కునే చోట్లను, అంటే డీ2 గ్రాహకాలను, చూపే ఫ్లోరిన్-18 ఫాలిప్రైడ్ ఉందనుకుందాం. తయారైనప్పుడు దాని మోలార్ యాక్టివిటీ మైక్రోమోల్‌కు 100 గిగాబెక్వెరెల్ (బెక్వెరెల్ రేడియోధార్మికతకు, మోల్ అణువుల సంఖ్యకు కొలత). 70 కిలోల మనిషికి 185 మెగాబెక్వెరెల్ ఇస్తే ఒంట్లోకి వెళ్లేది 1.85 నానోమోల్, అంటే కిలోకు 0.026. చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు. స్కానర్‌కు తగినన్ని గణనలు రావాలంటే 25 గ్రాముల ఎలుకకు కనీసం 10 మెగాబెక్వెరెల్ ఇవ్వాలంటారు. అది 0.1 నానోమోల్, కిలోకు 4. మనిషి మోతాదుకు 150 రెట్లు. ఇది సైక్లోట్రాన్ పక్క గదిలోనే ఎలుక ఉన్నప్పటి సంగతి.

ఇప్పుడు దారి ఖర్చు కలుపుదాం. ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 109.8 నిమిషాలు. చెన్నై నుంచి తిరుపతికి మూడు గంటలనుకుంటే మిగిలేది 32 శాతం. రేడియోధార్మికత తరిగినా సీసాలోని కోల్డ్ అణువులు తరగవు. కనుక మోలార్ యాక్టివిటీ కూడా 32కు పడిపోతుంది. అదే 10 మెగాబెక్వెరెల్ కోసం ఇప్పుడు 0.31 నానోమోల్ ఎక్కించాలి. కిలోకు 12.5, మనిషి కంటే దాదాపు 470 రెట్లు. స్ట్రయేటమ్‌లో (మెదడులో ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉండే భాగం) గ్రాముకు 30 పికోమోల్ (నానోమోల్‌లో వెయ్యో వంతు) గ్రాహకాలు ఉన్నాయనుకుని, ఇచ్చిన దానిలో గ్రాముకు 2 శాతం అక్కడికి చేరిందనుకుంటే 6 పికోమోల్ చేరినట్టు. ఐదో వంతు గ్రాహకాలు నిండిపోతాయి. ట్రేసర్ అని పిలవాలంటే అది 5 శాతం దాటకూడదు, వీలైతే 1 శాతంలో ఉండాలి. ఐదో వంతు నింపినది మందు మోతాదుకు దగ్గర పడుతుంది. దాంతో తీసిన చిత్రం ఆ ఎలుక సహజ స్థితిని చూపదు.

రోడ్డు మార్గాన్ని సమర్థించేవాళ్లు తరచూ 1976 ఆగస్టును గుర్తుచేస్తారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారైన ఎఫ్‌డీజీ అనే ట్రేసర్‌ను చిన్న విమానంలో ఫిలడెల్ఫియాకు తీసుకెళ్లి తొలిసారి మనుషులకు ఇచ్చారు. అక్కడ ప్రయాణం అడ్డు కాలేదన్నది నిజం. కానీ ఆ కథ ఎఫ్‌డీజీకే వర్తిస్తుంది. ఎఫ్‌డీజీ గ్లూకోజ్ దారిలో నడిచే అణువు. చిట్టెలుక ఒంట్లో రెండు మిల్లీలీటర్లలోపు రక్తమే ఉన్నా అందులో గ్లూకోజ్ సుమారు పది వేల నానోమోల్ ఉంటుంది. దాని పక్కన అర నానోమోల్ కోల్డ్ ఎఫ్‌డీజీ లెక్కలోకి రాదు. పైగా 1976 నాటి తయారీలో ఫ్లోరిన్ వాయువును కావాలనే కలిపేవారు, మోలార్ యాక్టివిటీ అసలే తక్కువ. అయినా పని జరిగింది. ఎఫ్‌డీజీ విషయంలో ఇది మాఫీ. గ్రాహకాలను పట్టుకునే ట్రేసర్లకు ఆ మాఫీ లేదు. ఇక్కడ వాదన సగం ఈ రెండు రకాలను ఒకే గాటన కట్టడం వల్లే సాగుతోంది.

అసలు గ్రాహకాల ట్రేసర్లకు ఫ్లోరిన్-18 విరివిగా పనికొచ్చింది 1986లో జర్మనీలోని యూలిక్‌లో హమాకర్, కోనెన్, స్టోక్లిన్ చూపిన పద్ధతి తర్వాతే. ఇప్పటి తయారీ దాదాపు అదే బాట. ఆక్సిజన్-18 నీటిని ప్రోటాన్లతో కొడితే ఫ్లోరైడ్ అయాన్ వస్తుంది. దాన్ని అయాన్ మార్పిడి కార్ట్రిడ్జి మీద పట్టి, పొటాషియం కార్బొనేట్, క్రిప్టోఫిక్స్ (ఫ్లోరైడ్‌ను చర్యకు సిద్ధం చేసే రసాయనం) ద్రావణంతో దించుతారు. అసిటోనైట్రైల్ పోసి వేడిచేసి నీటి జాడ లేకుండా ఆరబెడతారు. ఇది తేమగా మిగిలితే ఫ్లోరైడ్ చర్యలో పాల్గొనదు, దిగుబడి అక్కడే పడిపోతుంది. తర్వాత కొన్ని మిల్లీగ్రాముల ముడి అణువు కలిపి 80 నుంచి 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచుతారు. అణువులను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో శుద్ధి చేసి, ఇథనాల్‌తో దించి, సెలైన్‌తో పలుచన చేసి, 0.22 మైక్రాన్ వడపోతలోంచి పంపుతారు.

ఇందులో మోలార్ యాక్టివిటీని పాడుచేసేది ఎక్కువగా రేడియోధార్మికత లేని మామూలు ఫ్లోరైడ్. రేడియేషన్‌కు పాతబడ్డ టెఫ్లాన్ గొట్టాల నుంచి, రసాయనాల నుంచి, టార్గెట్ (ప్రోటాన్లు తగిలే నీటి గది) నుంచి అది కొద్దికొద్దిగా చేరుతుంది. ఇక్కడొక మెలిక ఉంది, ఆర్డరు పెట్టేవాళ్లకు తప్పక తెలియాల్సింది. ఈ కలుషిత ఫ్లోరైడ్ ప్రతి విడతలో దాదాపు ఒకే పరిమాణంలో ఉంటుంది. కనుక మొదట ఎక్కువ ఫ్లోరిన్-18తో మొదలుపెడితే నిష్పత్తి బాగుంటుంది, తక్కువతో మొదలుపెడితే చెడుతుంది. నాలుగు చిట్టెలుకలే కదా అని చిన్న ఆర్డరు పెట్టి డబ్బు ఆదా చేసుకుంటే వచ్చేది నాసి ట్రేసర్.

దీనికంటే పెద్ద ప్రమాదం వరుసలో ఉంది. ఒక సీసా వచ్చింది, ఒక్కో ఎలుక స్కాన్ గంటన్నర. ఉదయం మామూలు ఎలుకలు, మధ్యాహ్నం మందు ఇచ్చిన ఎలుకలు పెట్టారనుకోండి. 110 నిమిషాలు గడిచేసరికి అదే రేడియోధార్మికతకు ఎక్కించే కోల్డ్ రెట్టింపవుతుంది. మధ్యాహ్నం ఎలుకల్లో గ్రాహకాలకు అతుక్కున్న ట్రేసర్ తక్కువగా కనబడుతుంది. మందు గ్రాహకాలను ఆక్రమించిందని రాసేస్తారు. నిజానికి ఆక్రమించింది ట్రేసరే. ఎలుకల వరుసను చీటీలు తీసి కలిపేయడం, ప్రతి సూదికీ నానోమోల్ లెక్క రాయడం తప్ప దీనికి మందు లేదు. ఆ లెక్క లేని ప్రయోగానికి వాడిన ఎలుకలు వృథాగా చనిపోయినట్టే.

ట్రేసర్ బాగున్నా ఎలుక దగ్గర చెడే సంగతులు ఇంకా ఉన్నాయి. తోక నరంలో సూది పక్కకు జారితే సగం మోతాదు తోకలోనే ఉండిపోతుంది, అందుకే తోకను కూడా స్కాన్‌లో ఉంచి కొలవాలి. చిట్టెలుకకు ఎక్కించే ద్రవం సాధారణంగా 0.2 మిల్లీలీటర్లు దాటనివ్వరు. మూడు గంటల ప్రయాణంలో గాఢత మూడో వంతుకు తగ్గితే ఆ హద్దు కూడా అడ్డొస్తుంది. అణువు నుంచి ఫ్లోరిన్ ఊడితే పుర్రె ఎముక వెలుగుతుంది, ఆ వెలుగు మెదడు పైపొర కార్టెక్స్ మీద పడుతుంది. ఎలుకల కళ్ల వెనకుండే హార్డేరియన్ గ్రంథులు ఎఫ్‌డీజీని బాగా పట్టి మెదడు ముందు భాగాన్ని చెడగొడతాయి. కెటమిన్, జైలజిన్ మత్తు రక్తంలో చక్కెరను పెంచి మెదడుకు చేరే ఎఫ్‌డీజీని తగ్గిస్తుంది. ఎఫ్‌డీజీకైతే మెలకువగా ఉండగానే సూది వేసి, అరగంటో ముప్పావుగంటో ఆగి మత్తివ్వొచ్చు, కణాల్లో చిక్కుకున్నది బయటికి పోదు. పట్టుకుని వదిలేసే గ్రాహక ట్రేసర్లకు ఆ సౌకర్యం లేదు. ఆసుపత్రి స్కానర్‌తో సరిపెట్టుకుందామన్న ఆలోచన కూడా నిలవదు. దాని స్పష్టత నాలుగైదు మిల్లీమీటర్లు, చిట్టెలుక స్ట్రయేటమ్ వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 1997 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో సైమన్ చెర్రీ బృందం రెండు మిల్లీమీటర్లలోపు స్పష్టతతో మైక్రోపెట్ అనే చిన్న జంతువుల స్కానర్ కట్టింది ఈ ఇబ్బందికే.

జంతు ప్రయోగాలు వద్దనేవాళ్ల చేతిలో గట్టి ఉదాహరణ ఒకటుంది. మెదడులో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే, టీఎస్‌పీఓ అనే ప్రొటీన్‌కు అతుక్కునే ట్రేసర్లు ఎలుకల్లో బాగా పనిచేశాయి. మనుషుల్లో కొందరికి వాటిలో ఒకటైన పీబీఆర్28 అసలు అతుక్కోలేదు. ఒక జన్యు మార్పు వల్ల మనుషుల్లో పట్టు మూడు స్థాయిల్లో ఉంటుందని 2010 తర్వాత తేలింది. ఎలుకలు ఆ సంగతి చెప్పలేకపోయాయి. మందులను మెదడు నుంచి బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్ ఎలుకల్లో చురుగ్గా ఉండడం వల్ల మనిషికి పనికొచ్చే ట్రేసర్లు ఎలుక దశలోనే మూలపడడమూ ఉంది. ఇవి కాదనలేని సంగతులు.

అయితే మొత్తంగా ఎలుకల సంఖ్యను తగ్గించింది కూడా ఈ స్కానర్లే. సోకొలాఫ్ 1977లో కార్బన్-14 డీఆక్సీగ్లూకోజ్ పద్ధతి చెప్పినప్పుడు ప్రతి ఎలుకనూ 45 నిమిషాలకు చంపి, మెదడును 20 మైక్రాన్ల పొరలుగా కోసి ఫిల్ము మీద పెట్టాలి. ఒక ఎలుకకు ఒకే కొలత. చిబాలో ఒకే ఎలుకను నెలల తరబడి చూడగలిగారు, అదీ మోలార్ యాక్టివిటీ కాపాడుకున్నారు కనుక. నాసి ట్రేసర్‌తో స్కాన్ చేస్తే ఫలితాలు చెదిరి, అదే తేడా తేల్చడానికి మరిన్ని ఎలుకలు కావాలి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 చట్టం, జంతు ప్రయోగాలపై 1998 నియమాల కింద పనిచేసే సంస్థల జంతు నైతిక సంఘాలు ఎలుకల సంఖ్యతో పాటు సూది సమయానికి ఉండే కోల్డ్ లెక్కను కూడా అడగాల్సింది ఇందుకే.

తిరుపతిలో రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. ట్రిషియం అర్ధాయువు 12.3 ఏళ్లు, దానికి చెన్నై దూరం లెక్కలేదు. ట్రిషియం కట్టిన అణువును కబేళా నుంచి తెచ్చిన మేక మెదడు పొరల మీద పరీక్షిస్తే పట్టు బలం, గ్రాహకాల సంఖ్య తేలతాయి, ప్రయోగం కోసం ఒక్క జంతువునూ చంపక్కర్లేదు. అక్కడ నిలవని అణువు ఎలుక దాకా రానక్కర్లేదు. నిలిచిన వాటికే చెన్నైకి ఆర్డరు. పైన చెప్పిన ఫాలిప్రైడ్ లెక్కలో 5 శాతం దాటకూడదంటే సిరంజిలో 75 పికోమోల్ మించకూడదు. మోతాదును 5 మెగాబెక్వెరెల్‌కు తగ్గించుకున్నా సూది సమయానికి మైక్రోమోల్‌కు 67 గిగాబెక్వెరెల్ ఉండాలి. మూడు గంటల దారికి చెన్నైలో బయలుదేరేటప్పుడు 208, తిరుపతిలో కొలవడానికి, ఎలుకకు మత్తివ్వడానికి ఇంకో గంట పడితే 300 దాటాలి. ఇంకా త్వరగా తరిగే కార్బన్-11 అయితే మూడు గంటలకు మిగిలేది 0.2 శాతం, దాని కోసం ఆర్డరు పెట్టే పనే లేదు.