క్రిస్మస్ హామ్ గురించి ప్రతి డిసెంబర్‌లో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

డిసెంబర్ 15 దాటిందంటే నా ఫోన్ ఆగదు. బెంగళూరు లింగరాజపురంలో ఇంటి నుంచే క్రిస్మస్ ఆర్డర్లు చేస్తుంటాను, అంతకుముందు ఆరేళ్ళు ఒక హోటల్ కోల్డ్ కిచెన్‌లో పనిచేశాను, అంటే హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది వెనక కాలి మాంసం), సాసేజ్, సలామీ ఇవన్నీ తయారయ్యే చోటు. నా దగ్గర కేకులు తీసుకునేవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, నెల్లూరు, గుంటూరు, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడే సెటిలైపోయినవాళ్ళు. వీళ్ళ ఇళ్ళల్లో క్రిస్మస్ అంటే బిర్యానీ, మటన్ కూర, గులాబీ పువ్వులు, కానీ ఈమధ్య పిల్లలు అడిగారని కోల్డ్ స్టోరేజ్ షాపుకెళ్ళి మూడు కిలోల హామ్ తెచ్చేసి, ఓటీజీ ముందు నిలబడి అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. దాన్ని పచ్చి మటన్ లాగా చూడటం, తప్పులన్నీ మొదలయ్యేది అక్కడే.

అపోహ: ఎంత ఎక్కువసేపు ఓవెన్‌లో పెడితే అంత మెత్తగా వస్తుంది.

వాస్తవం: షాపులో ప్యాకెట్‌లో దొరికే హామ్ చాలావరకు ముందే ఉప్పునీళ్ళలో ఊరి, ఉడికి, కొన్నిసార్లు పొగ కూడా పట్టి వచ్చినదే. ప్యాకెట్ మీద ఫుల్లీ కుక్డ్ అనో రెడీ టు ఈట్ అనో ఉందా చూడండి. ఉంటే మీరు చేసేది వండటం కాదు, ఎండిపోకుండా వేడి చేయడం, అంతే. హామ్ అంటే పంది వెనక కాలు, అందులో భుజం ముక్కలో ఉన్నంత జిగురు ఉండదు, కాబట్టి గంటలు గంటలు పెడితే మెత్తబడేది పోయి రంపపు పొట్టులా పొడిపొడిగా అవుతుంది.

నేను చేసేది ఇది. ఓవెన్ 160 డిగ్రీలు, ట్రేలో ఒక కప్పు నీళ్ళు, కోసిన వైపు కిందకి పెట్టి పైన ఫాయిల్ గట్టిగా మూసేయాలి. ఎముకతో ఉన్న మూడు కిలోల ముక్కకి కిలోకి 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది, కానీ గడియారాన్ని నమ్మకండి, మన ఇళ్ళల్లో ఓటీజీలు బయట 160 చూపిస్తూ లోపల 180 కూడా కొడుతుంటాయి. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకి తగలకుండా మధ్యలో గుచ్చితే, కంపెనీ సీల్ ఉన్న ఉడికిన హామ్ అయితే 60 డిగ్రీలు చాలు, షాపువాళ్ళు కోసి మళ్ళీ ప్యాక్ చేసి ఇచ్చినదైతే 74 దాకా వెళ్ళాలి, ఇవి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్కలు, హోటల్‌లో మేమూ ఇవే పాటించేవాళ్ళం. పచ్చి హామ్ అయితే వాళ్ళ లెక్క 63 డిగ్రీలు, తర్వాత మూడు నిమిషాలు ఆగాలి. లోకల్ పోర్క్ షాపులో కొన్న పచ్చి కాలైతే మాత్రం నేను 70 దాటిస్తాను, అది నా పద్ధతి.

అపోహ: లోపల పింక్‌గా ఉందంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

కిందటేడు పండగ రోజు పొద్దున పదకొండింటికి ఒకావిడ ఫోన్ చేసింది, "అక్కా, మూడు గంటలైంది, కోస్తే ఇంకా గులాబీ రంగే, చర్చి నుంచి మా అత్తమామలు వచ్చేస్తున్నారు, ఇంకో గంట పెట్టనా" అని. పెట్టొద్దమ్మా, బయటికి తీసేయ్ అన్నాను. మామూలు పోర్క్ ఉడికితే బూడిద తెలుపులోకి వస్తుంది, హామ్ మాత్రం ఎంత ఉడికినా పింక్‌గానే ఉంటుంది, ఎందుకంటే ఊరబెట్టేటప్పుడు వేసిన నైట్రైట్ అనే ఉప్పు లాంటి రసాయనం మాంసంలోని ఎర్ర రంగు పదార్థాన్ని పట్టేసుకుంటుంది, వేడి తగిలాక ఆ రంగు అలాగే నిలిచిపోతుంది. ఆవిడ అప్పటికే రెండుసార్లు కోసి చూసిందట, కోసిన ప్రతిసారీ రసం కారిపోయింది. రంగు చూసి హామ్ ఉడికిందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు, నావల్ల కూడా.

అపోహ: ఇంట్లోనే ఊరబెట్టుకోవచ్చు, రెసిపీలో పింక్ సాల్ట్ అంటే మన హిమాలయన్ పింక్ సాల్ట్.

ఇది చదివి దయచేసి మీవాళ్ళందరికీ చెప్పండి, ఎందుకంటే మిగతావి తప్పితే రుచి పోతుంది, ఇది తప్పితే మనుషులు ఆసుపత్రికి వెళ్తారు. హిమాలయన్ పింక్ సాల్ట్ అంటే సైంధవ లవణం, మామూలు ఉప్పే, అందులో నైట్రైట్ లేదు. మాంసం ఊరబెట్టే పింక్ క్యూరింగ్ సాల్ట్ వేరు, అది ఉప్పులో 6.25 శాతం సోడియం నైట్రైట్ కలిపింది, మామూలు ఉప్పనుకుని పొరపాటున కూరలో వేయకుండా ఉండటానికే దానికి రంగు కలుపుతారు. మొదటిది రెండోదనుకుని వాడితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాని ఆపే నైట్రైటే ఉండదు. రెండోది మొదటిదనుకుని చారులో వేస్తే నైట్రైట్ నేరుగా విషమై రక్తం ఆక్సిజన్ మోయలేని పరిస్థితి వస్తుంది. కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అంతకుమించి కాదు, అదీ గ్రాముల్లో తూచే చిన్న త్రాసు మీద, చెంచాలతో కాదు.

ఇక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో పండక్కి మాంసం ఉప్పులో ఊరబెట్టడం పాత అలవాటే. వైట్‌ఫీల్డ్ అంటే ఇప్పుడు మనకి ఐటీ ఆఫీసులే గుర్తొస్తాయిగానీ అది 1882లో వాళ్ళ కోసం మొదలైన ఊరు. మా పక్కింటి ఆంటీ వాళ్ళమ్మ సురేకారం వేసి ఊరబెట్టేదట, సురేకారం నైట్రేట్, అది మెల్లగా నైట్రైట్‌గా మారి పనిచేస్తుంది, కానీ ఎంత మారుతుందో ఇంట్లో కొలవలేం. ఆంటీ కూడా ఇప్పుడు షాపు హామే తెస్తుంది. పెద్ద కాలు మొత్తం ఊరబెట్టాలంటే ఉప్పునీళ్ళు ఎముక దాకా సిరంజితో ఎక్కించాలి, పైనుంచి ఊరితే లోపలికి ఉప్పు చేరేలోపే ఎముక దగ్గర కుళ్ళు మొదలవుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఇది ఇంట్లో పెట్టుకోవద్దనే నేను చెప్తాను.

ఇంట్లో చేసిన హామ్ ఆరోగ్యానికి మంచిదట కదా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఊరబెట్టిన మాంసం ఎక్కడ చేసినా ప్రాసెస్డ్ మాంసమే, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. నేను అమ్మేదాని గురించి నేనే చెప్తున్నాను, పండక్కి తినండి, పిల్లల టిఫిన్ బాక్సులో రోజూ పెట్టకండి.

అపోహ: పంది మాంసం తింటే మెదడులోకి పురుగులు వెళ్తాయి.

ఊర్లో మా నాయనమ్మ నుంచి ఇక్కడ డిగ్రీలు చదివిన కస్టమర్ల దాకా అందరూ చెప్పే మాట. సరిగ్గా ఉడకని పోర్క్‌లో బద్దెపురుగు తిత్తులు ఉంటే, అది తిన్నవాళ్ళ పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, అది నిజం. మెదడులో తిత్తులు వచ్చేది మాత్రం ఆ పురుగు గుడ్లు కడుపులోకి వెళ్తే, ఆ గుడ్లు వచ్చేది పురుగు ఉన్న మనిషి మలం నుంచి, అంటే కలుషితమైన నీళ్ళు, కడగని పచ్చి కూరగాయలు, కడగని చేతుల ద్వారా. అందుకే జీవితంలో పోర్క్ ముట్టని శాకాహారులకి కూడా ఆ జబ్బు వస్తుంది. మాంసం పూర్తిగా ఉడికించడం, చేతులు కడుక్కోవడం, రెండూ కావాలి.

అపోహ: గ్లేజ్ (పైన పూసే తీపి పూత) మొదట్లోనే రాసి పెడితే లోపలిదాకా ఇంకుతుంది.

ఇంకదు. మాడుతుంది. హోటల్ మానేసి సొంతంగా మొదలుపెట్టిన ఏడాది, కస్టమర్ తొందర పెడుతున్నారని నేనే మొదటి నుంచీ తేనె రాసి పెట్టేశాను, లోపల ఇంకా చల్లగానే ఉంది, పైన నల్లగా చేదుగా అయిపోయింది, ఆ హామ్ డబ్బులు వెనక్కిచ్చేశాను. తేనెలో ఉండే చక్కెర మామూలు పంచదార కంటే తొందరగా రంగు మారుతుంది, అందుకే గ్లేజ్ ఆఖరి అరగంట పనే.

60 డిగ్రీలు చాలన్న కంపెనీ సీల్ హామ్ అయితే లోపల 55 దగ్గరికి రాగానే బయటికి తీసి, పైన తోలు ఉంటే వేళ్ళతో పట్టి లాగేయండి, వేడి మీద సులువుగా వస్తుంది, కింద తెల్ల కొవ్వు అర సెంటీమీటర్ మందాన ఉంచుకోండి. కొబ్బరి బర్ఫీ కోసినట్టు ఏటవాలుగా గీతలు పెట్టండి, కత్తి కొవ్వులోనే ఆగాలి, మాంసంలోకి దిగకూడదు. గీతలు కలిసిన చోట ఒక్కో లవంగం.

గ్లేజ్‌కి నేను విదేశీ బ్రౌన్ షుగర్ వాడను, మన బెల్లం చాలు, ఇంకా రుచి. 150 గ్రాముల బెల్లం కొంచెం నీళ్ళలో కరిగించి తప్పకుండా వడకట్టండి, లేకపోతే ఇసుక పళ్ళ కింద పడుతుంది, దాంట్లో రెండు చెంచాల మస్టర్డ్ సాస్, ఒక కమలాపండు రసం, చెంచా వెనిగర్, మిరియాల పొడి. ఉప్పు వేయొద్దు, హామ్‌లో ఉన్నదే ఎక్కువ. లేత పాకం దగ్గరే ఆపేయాలి, అరిసెల పాకం దాకా వెళ్తే చల్లారాక బ్రష్‌కి అంటుకుని రాదు. ఓవెన్ 200కి పెంచి, ఫాయిల్ లేకుండా, పది నిమిషాలకోసారి చొప్పున మూడుసార్లు పూయండి, ఆఖరి పది నిమిషాలు ఓవెన్ దగ్గర నుంచి కదలకండి, రంగు ఒక్కసారిగా మారిపోతుంది. తీశాక ఇరవై నిమిషాలు ఆగి కోయాలి.

అపోహ: పైనాపిల్, కోలా పోస్తే మాంసం మెత్తబడుతుంది.

పచ్చి పైనాపిల్‌లో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ ఉంది, రాత్రంతా పెడితే పైపొర ముద్దగా అవుతుంది, అది మెత్తబడటం కాదు. డబ్బా పైనాపిల్‌లో ఆ ఎంజైమ్ వేడికి ఎప్పుడో పోయింది, అది రుచికీ అందానికీ మాత్రమే. కోలా సంగతికొస్తే పని చేసేది అందులోని చక్కెరే.

అపోహ: ముందు కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానివ్వాలి.

వద్దు, కండ విడిపోతుంది, ముక్కలు సరిగ్గా తెగవు. బాగా ఉప్పు పట్టించి ఎండబెట్టిన హామ్ అయితే ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, తర్వాత సన్నని సెగ మీద ఉడికించాలి. బెంగళూరు ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి ఇక్కడ ఉడకదు అని కూడా కొందరంటారు, కానీ హామ్ నీళ్ళు అసలు తెర్లకూడదు, 80, 85 దగ్గర కదిలీ కదలకుండా ఉండాలి.

అపోహ: ఉప్పులో ఊరింది కదా, బయట పెట్టినా పాడవదు.

షాపులో ప్యాకెట్‌లో దొరికే హామ్‌లో ఉప్పు అంత ఉండదు, నీళ్ళు ఎక్కువ. రెండు గంటలు దాటితే టేబుల్ మీద ఉంచకండి, ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఒకటి రెండు నెలలు. ఎముక మాత్రం పారేయకండి, మర్నాడు ఎండు బఠాణీ పప్పులో వేసి, అల్లం, మిరియాలు, ఒక ఉల్లిపాయతో గంటన్నర సన్నని సెగ మీద ఉడికించి, రుచి చూశాకే ఉప్పు వేయండి, మా ఇంట్లో హామ్ కంటే దానికోసమే ఎదురుచూస్తారు.